గది వైపు కాదు, గడప వైపు: ఇంట్లోనే బందీలైన వారి నిజగాథల టీవీ నాటకాలను చూడటానికి సమగ్ర మార్గదర్శి

కన్నవారే కాపలావారుగా మారిన ఇళ్ల కథలు కొన్నేళ్లుగా టీవీ చానళ్లలోనూ, ఓటీటీ వేదికలపైనా తరచుగా వస్తున్నాయి. బయటి దుండగుడు ఎత్తుకుపోయిన కథకూ వీటికీ పెద్ద తేడా ఉంది. అపహరణ కథలో ఇంటివారు ఫిర్యాదు చేస్తారు, పోలీసులు గాలిస్తారు, ఊరంతా ఎదురుచూస్తుంది. ఇంటి మనిషే బంధించిన కథలో మాత్రం "నా బిడ్డ ఏమైంది" అని నిలదీయవలసిన మనిషే ఆ బిడ్డను దాచి ఉంటాడు కాబట్టి, వెతికేవారు అతని దగ్గరికే వచ్చి, అతను చెప్పిన మాట విని వెనుదిరుగుతారు. అందుకే ఇటువంటి నాటకంలో తలుపు ఎంత బలమైనదో చూపించినంత మాత్రాన కథ చెప్పినట్టు కాదు. ఆ తలుపు అవతల దాకా వచ్చినవారు ఎవరు, ఏం చూశారు, ఏ మాట నమ్మి తిరిగిపోయారు అన్నది చూపించిందా లేదా అన్నదే దాని విలువను తేల్చే కొలబద్ద అని నా నమ్మకం. ఈ మార్గదర్శి మొత్తం ఆ కొలబద్దను ఎలా వాడాలో చెప్పడానికే.

ప్రధాన ఉదాహరణగా ఆస్ట్రియాలోని ఆమ్‌స్టెటెన్ పట్టణంలో బయటపడిన, కన్న కూతురిని 24 ఏళ్లు ఇంటి నేలమాళిగలో బంధించిన యోసెఫ్ ఫ్రిట్జ్‌ల్ కేసును, దాని ప్రేరణతో అమెరికాలోని లైఫ్‌టైమ్ చానల్ 2021 ఫిబ్రవరి 27న ప్రసారం చేసిన 'గర్ల్ ఇన్ ది బేస్‌మెంట్' అనే టెలిఫిల్మును తీసుకుంటున్నాను. పక్కన పెట్టి పోల్చడానికి, కూతురికి లేని జబ్బులు అంటగట్టి తన గుప్పిట్లో ఉంచుకున్న ఒక తల్లి కథగా 2019లో హులూ వేదికపై ఎనిమిది భాగాలుగా వచ్చిన 'ది యాక్ట్' ఉపయోగపడుతుంది. ఆమ్‌స్టెటెన్ బాధితుల పేర్లు ఇందులో ఎక్కడా రాయడం లేదు. అందుకు కారణం తరువాత చెబుతాను.

మొదటి మెట్టు: తెరపై కనిపించే తొలి వాక్యాన్ని చదవండి

"యథార్థ సంఘటనల ఆధారంగా" అన్న మాటకూ "యథార్థ సంఘటనల ప్రేరణతో" అన్న మాటకూ దూరం చాలా ఉంది. మొదటి రకం నాటకం అసలు వ్యక్తులను, అసలు ఊరిని, అసలు తేదీలను ఎంతో కొంత మోస్తుంది. 'ది యాక్ట్' ఆ కోవలోనిది. అందులో తల్లీకూతుళ్లు డీ డీ, జిప్సీ రోజ్ బ్లాంచర్డ్‌లు సొంత పేర్లతోనే కనిపిస్తారు, ఊరు కూడా మిజోరి రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డే. అయితే క్లోయీ సెవిన్యీ పోషించిన పొరుగింటామె, ఆమె కూతురు మాత్రం కల్పిత పాత్రలు. రెండో రకం నాటకం అసలు కేసు నుంచి ఎముకలను మాత్రమే తీసుకుని కొత్త శరీరం కడుతుంది. ఎలిజబెత్ రోమ్ దర్శకత్వం వహించిన 'గర్ల్ ఇన్ ది బేస్‌మెంట్' కథను ఆస్ట్రియా నుంచి అమెరికాకు తరలించి, తండ్రికి డాన్ అనీ కూతురికి సారా అనీ పేర్లు పెట్టి, 24 ఏళ్ల చెరను 20 ఏళ్లుగా మార్చింది.

మూడో రకం కూడా ఉంది. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన జర్మన్ సిరీస్ 'డియర్ చైల్డ్' చూసి అది నిజంగా జరిగిందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది రోమీ హౌస్‌మాన్ రాసిన నవల ఆధారంగా తీసిన కల్పన. కల్పన కావడం తప్పు కాదు, కానీ దానిని సాక్ష్యంగా చూడకూడదు. కాబట్టి చూడటానికి కూర్చోకముందే ఒక కాగితం పైభాగాన ఆ నాటకం ఈ మూడింటిలో ఏ రకానిదో రాసుకోండి. తరువాత వేసుకోబోయే ప్రతి ప్రశ్నకూ జవాబు దాని మీదనే ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు ప్రేరణతో తీసిన నాటకంలో ఏళ్లు మారాయని తప్పుపట్టడం అనవసరం. అసలు పేర్లతో తీసిన నాటకంలో ఒక పొరుగింటామెను కల్పించారంటే మాత్రం ఎందుకు కల్పించారని అడిగే హక్కు ప్రేక్షకుడికి ఉంటుంది.

రెండో మెట్టు: నాటకానికి ముందే అసలు కాలక్రమాన్ని రాసిపెట్టుకోండి

ఇది ఓపికతో చేయవలసిన పని. దీనికి ఒక సాయంత్రం కేటాయించినా వృథా కాదు. నాటకం చూసిన తరువాత వాస్తవాలు వెతికితే మనసు అప్పటికే తెరమీది ముఖాలకు అలవాటుపడి, అసలు సంఘటనను కూడా ఆ ముఖాలతోనే ఊహించుకుంటుంది. ముందే రాసుకుంటే తెర మనల్ని లాక్కుపోదు.

ఆమ్‌స్టెటెన్ విషయంలో కాలక్రమం ఇలా ఉంటుంది. 1935లో పుట్టిన ఫ్రిట్జ్‌ల్ వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. 1967లో లింజ్ నగరంలో అత్యాచార నేరానికి జైలుశిక్ష పడింది. ఆస్ట్రియా చట్టం ప్రకారం పదిహేనేళ్ల తరువాత ఆ నేరచరిత్ర రికార్డుల నుంచి చెరిగిపోయింది. 1970ల చివర ఇంటి కింద నేలమాళిగ విస్తరణకు పురపాలక సంఘం నుంచి అనుమతి తీసుకున్నాడు. 1983లో అధికారులు వచ్చి కట్టడాన్ని పరిశీలించి వెళ్లారు. అదే సంవత్సరం అతని కూతురు ఇంటి నుంచి పారిపోయి వియన్నా చేరింది. పోలీసులు ఆమెను వెతికి పట్టుకుని తిరిగి ఇంటికే అప్పగించారు. 1984 ఆగస్టు 28న, ఆమెకు 18 ఏళ్లప్పుడు, ఒక తలుపు మోయడానికి సాయం పట్టమని కిందికి పిలిచి బంధించాడు. తల్లి ఫిర్యాదు చేసింది. నెల రోజులకు బ్రౌనౌ పట్టణం ముద్రతో ఒక ఉత్తరం వచ్చింది. తనను వెతకవద్దని కూతురి చేతిరాతలో ఉంది. ఆమె ఏదో మతశాఖలో చేరిందని తండ్రి పోలీసులకు చెప్పాడు.

ఆ తరువాతి 24 ఏళ్లలో, తండ్రి సాగించిన అత్యాచారాల వల్ల, నేలమాళిగలో ఆమెకు ఏడుగురు పిల్లలు పుట్టారు. 1996లో పుట్టిన కవలలలో ఒక శిశువు వైద్యం అందక మూడు రోజులకే మరణించాడు. ముగ్గురు పిల్లలు కిందనే, సూర్యుడిని చూడకుండా పెరిగారు. మరో ముగ్గురిని 1993, 1994, 1997 సంవత్సరాలలో పైకి తెచ్చి, పారిపోయిన కూతురే గుమ్మం ముందు వదిలి వెళ్లిందని ఫ్రిట్జ్‌ల్ నమ్మించాడు. ప్రతి పిల్లతోపాటూ ఒక ఉత్తరం ఉండేది. తాత, అమ్మమ్మ వారిని పెంచుకోవడానికి శిశుసంక్షేమ శాఖ ఒప్పుకున్నది.

2008 ఏప్రిల్ 19న కింద పెరిగిన పెద్ద కూతురు, 19 ఏళ్ల అమ్మాయి, స్పృహ తప్పింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు ఏమిటో తేలాలంటే తల్లి ఆరోగ్య చరిత్ర కావాలని, ఆ తల్లి ఎక్కడున్నా రావాలని వైద్యులు టీవీ ద్వారా వేడుకున్నారు. నేలమాళిగలో టీవీ ఉండేది. తనను ఆసుపత్రికి తీసుకువెళ్లమని ఆ తల్లి తన తండ్రిని బతిమాలింది. ఏప్రిల్ 26న ఆమె బయటికి వచ్చింది. ఆసుపత్రి ఆవరణలో పోలీసులు ఇద్దరినీ అదుపులోకి తీసుకున్నారు. ఇక తండ్రి ముఖం ఎన్నడూ చూడనవసరం లేదని మాట ఇచ్చిన తరువాతే ఆమె నోరు విప్పింది. అప్పటికి ఆమె వయసు 42. 2009 మార్చి 16న సాంక్ట్ పోల్టెన్ కోర్టులో విచారణ మొదలై, 19న జీవితఖైదుతో ముగిసింది.

ఇంత వివరంగా రాసుకోవాలా అని అనిపించవచ్చు. రాసుకున్న తరువాత ఒకసారి చదివి చూడండి. ఈ కథలో ఇనుప తలుపు ప్రస్తావన ఎంత తక్కువగా వచ్చిందో, ఉత్తరాలు, అనుమతులు, పరిశీలనలు, ఒప్పుకోళ్లు ఎంత ఎక్కువగా వచ్చాయో మీకే కనిపిస్తుంది.

మూడో మెట్టు: గడప దాకా వచ్చినవారిని లెక్కపెట్టండి

నాటకం చూస్తున్నంతసేపూ చేతిలో ఉండవలసిన పట్టిక ఇదే. కాగితం ఎడమవైపు అసలు కేసులో ఆ ఇంటికి వచ్చినవారిని, కుడివైపు నాటకంలో ఆ ఇంటికి వచ్చినవారిని రాయండి. ఆమ్‌స్టెటెన్‌లో ఎడమవైపు జాబితా చాలా పొడవుగా ఉంటుంది: కట్టడాన్ని పరిశీలించిన పురపాలక అధికారులు, ఫిర్యాదు నమోదు చేసిన పోలీసులు, పెంపుడు పిల్లల బాగోగులు చూడటానికి కనీసం 21 సార్లు వచ్చి వెళ్లిన సంక్షేమ శాఖ సిబ్బంది, ఆ ఇంట్లోనే ఏళ్ల తరబడి అద్దెకున్నవారు, చుట్టాలు, పిల్లల బడి ఉపాధ్యాయులు. కింద చెరలో ఒక కుటుంబం, దాని నెత్తి మీద నడిచిన వందల అడుగులు.

ఇక్కడ ఒక్కొక్కరి గురించి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ మనిషి ఏ కారణం చేత తిరిగిపోయాడు? అధికారులది దురుద్దేశం కాదు. పిల్లలు శుభ్రంగా ఉన్నారు, బడికి వెళుతున్నారు, సంగీతం నేర్చుకుంటున్నారు, అమ్మమ్మ వారిని ప్రేమగా చూసుకుంటున్నది. రికార్డు చూస్తే తాత మీద నేరమేమీ కనిపించదు, ఎందుకంటే అది చెరిగిపోయింది. మూడుసార్లు గుమ్మం ముందు పసిబిడ్డ దొరికినా, "ఆ తల్లి ఎక్కడుందో వెతుకుదాం" అని ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు. ఆమె చెడిపోయిన కూతురు, ఈయన బాధ్యత మోస్తున్న తండ్రి అన్న కథ అందరికీ సరిపోయింది.

మన దగ్గర "ఇంటిగుట్టు లంకకు చేటు" అంటారు. ఇంటి మాట బయటికి పొక్కితే ఇల్లే కూలుతుందని, గుట్టు కాపాడుకోవడమే మర్యాద అని చిన్నప్పటి నుంచీ విని పెరిగిన మనకు, ఆ ఆస్ట్రియా ఊరి మౌనం వింతగా అనిపించదు. అందుకే తెలుగు ప్రేక్షకుడు ఈ మెట్టు దగ్గర మరింత నిదానించాలి. పెద్దమనిషి ఒక మాట చెప్పినప్పుడు ఎదురు ప్రశ్న వేయడం అమర్యాద అని అనిపించే క్షణం నాటకంలో వస్తే, మనకు కూడా అలాగే అనిపించిందా లేదా అన్నది కుడివైపు గడిలో నిజాయతీగా రాసుకోవాలి.

'ది యాక్ట్' ఈ విషయంలో మెరుగైన నాటకం. జిప్సీ రోజ్ నడవగలిగినా ఆమె తల్లి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది, లేని జబ్బులకు చికిత్సలు చేయించింది, తల గుండు చేయించింది. అక్కడ తాళం లేదు, నేలమాళిగ లేదు. అసలు కేసులో 2007లో ఒక నరాల వైద్యుడు ఈ జబ్బులు కల్పితమై ఉండవచ్చని తన రికార్డులో రాసుకున్నాడు కానీ అధికారులకు తెలపలేదు. 2009లో ఎవరో పేరు చెప్పకుండా పోలీసులకు సమాచారం ఇస్తే, వారు ఇంటికి వచ్చి తల్లి మాట విని వెళ్లిపోయారు. సిరీస్‌లో పూర్ణా జగన్నాథన్ పోషించిన డాక్టర్ చంద్ర పాత్ర అనుమానించే వైద్యుల బరువును మోస్తుంది. బందీ అయిన అమ్మాయి ప్రతిరోజూ పదిమంది ముందు కూర్చుని ఉన్నా ఎవరికీ కనిపించకపోవడం ఎలా సాధ్యమో ఈ సిరీస్ చూపించగలిగింది. నేను దీనిని పోలికకు ఎంచుకున్నది అందుకే.

నాలుగో మెట్టు: ఇంట్లో ఉన్న మరో పెద్దను ఎలా చూపించారో పరిశీలించండి

ప్రతి ప్రేక్షకుడూ అడిగే ప్రశ్న "తల్లికి తెలియదా?" అన్నదే. ఆమ్‌స్టెటెన్ కేసులో భార్య మీద ఎటువంటి అభియోగమూ నమోదు కాలేదు. నేలమాళిగలోకి ఎవరినీ అడుగుపెట్టనివ్వని భర్త నిరంకుశత్వంలో ఆమె కూడా దశాబ్దాలు బతికింది. నాటకానికి మాత్రం ఈ ఖాళీ ఇబ్బందిగా ఉంటుంది. పాత్రకు ఏదో ఒక తెలివిడి ఇవ్వాలి, లేకుంటే నటికి చేయడానికి ఏమీ ఉండదు. లైఫ్‌టైమ్ చిత్రంలో జోయెలీ ఫిషర్ చేసిన ఐరీన్ పాత్రను చూసేటప్పుడు, ఆమె ప్రతి సందేహమూ ఏ చూపుతో, ఏ మాటతో అణగిపోతున్నదో గమనించండి. సందేహం పుట్టడాన్ని చూపించడం సులభం, అది ఇంట్లోనే ఎలా చచ్చిపోతుందో చూపించడం కష్టం. రెండోదానికి సమయం ఇచ్చిన నాటకం నిజాయతీ కలది. ఆమెకు అంతా తెలుసన్నట్టు ఒక కొంటె చూపుతో ముగించే నాటకం, కోర్టు చేయని ఆరోపణను తెరమీద చేస్తున్నట్టే.

అయిదో మెట్టు: హింసను ఎవరి వైపు నుంచి చూపించారో చూడండి

ఈ విషయంలో సాంక్ట్ పోల్టెన్ కోర్టు నుంచి నాటకకర్తలు నేర్చుకోవలసింది ఎంతో ఉంది. బాధితురాలి వాంగ్మూలాన్ని ముందుగానే వీడియోగా రికార్డు చేశారు. అది దాదాపు 11 గంటల నిడివి. జ్యూరీ సభ్యులు దానిని ఒక్కసారిగా చూడలేదు, విడతలుగా చూశారు. ఆ సమయంలో పత్రికలవారికీ ప్రజలకూ ప్రవేశం లేదు. నేలమాళిగ గురించి జ్యూరీకి అర్థమయ్యేలా చేయడానికి ప్రాసిక్యూటర్ క్రిస్టియానె బుర్క్‌హైసర్ అక్కడి నుంచి తెచ్చిన వస్తువులు ఉన్న పెట్టెను వారి చేతికిచ్చి, వాసన చూడమన్నారు. ఆ చెమ్మ, ఆ బూజు వాసన చెప్పినది ఏ వర్ణనా చెప్పలేదు. దాడి దృశ్యం ఒక్కటి కూడా లేకుండానే ఆ ఎనిమిదిమంది సామాన్యులకు చెర అంటే ఏమిటో తెలిసింది.

కాబట్టి నాటకం చూస్తూ మూడు సంగతులు గమనించండి. దాడి జరిగేటప్పుడు కెమెరా నేరస్థుడి కళ్లతో చూస్తున్నదా, బాధితురాలి ముఖం మీద ఉన్నదా, లేక తలుపు అవతలే ఆగిపోయిందా? గది కొలతలు, ఎత్తు తక్కువ పైకప్పు, గాలి చాలకపోవడం వంటి రోజువారీ విషయాలకు ఎంత చోటు ఇచ్చింది? అసలు నేలమాళిగలో పైకప్పు 1.7 మీటర్ల కంటే ఎత్తు లేదు. ఎదిగిన కొడుకు నిటారుగా నిలబడలేడు. ఒక పిల్లవాడు వంగి నడవడం అలవాటు చేసుకున్న దృశ్యం, పది దాడి దృశ్యాల కంటే బలమైనది. మూడోది, తల్లి ఆ గదిలోనే పిల్లలకు చదువు చెప్పిందని, కథలు చెప్పిందని, దినచర్య ఏర్పరిచిందని నాటకం గుర్తించిందా? ఆ చెరలో ఆమె చేసిన అతిపెద్ద పని అది. దానిని వదిలేసి కేవలం ఏడుపు చూపించిన నాటకం ఆమెను రెండోసారి తక్కువ చేసినట్టే.

ఆరో మెట్టు: ఏవి వదిలేశారో లెక్కకట్టండి

గంటన్నర నిడివిలో 24 ఏళ్లు పట్టవు. పిల్లల సంఖ్య తగ్గుతుంది, అద్దెకున్నవారు మాయమవుతారు, మూడు ఉత్తరాలు ఒకటవుతాయి. ఇవన్నీ క్షమించదగినవే. క్షమించరానిది ఒక్కటే: తండ్రి పాత నేరచరిత్ర చెరిగిపోవడం, పారిపోయిన అమ్మాయిని పోలీసులే తిరిగి ఇంటికి అప్పగించడం వంటి కీలకమైన కారణాలను తీసివేసి, ఆ మనిషిని కారణమే లేని రాక్షసుడిగా మిగల్చడం. రాక్షసుడిని చూసి భయపడి టీవీ కట్టేయవచ్చు. కారణాలు తెలిస్తే అలా కట్టేసి నిద్రపోలేము.

ఏడో మెట్టు: తలుపు తెరుచుకున్న తరువాత నాటకానికి ఎంత సమయం మిగిలిందో చూడండి

గడియారం చూసి రాసుకోండి. చాలా నాటకాలు పోలీసు దీపాల వెలుగులో, కౌగిలితో ముగుస్తాయి. అసలు కేసుల్లో కథ అక్కడి నుంచే కష్టతరమవుతుంది. ఆమ్‌స్టెటెన్ కుటుంబాన్ని ఊరికి దగ్గరలోని మావర్ వైద్యాలయంలో ఉంచి, నేలమాళిగలో పెరిగిన పిల్లలను మెల్లగా వెలుగుకూ, విశాలమైన చోటుకూ అలవాటు చేశారు. పైన పెరిగిన పిల్లలకూ కింద పెరిగిన పిల్లలకూ తాము తోబుట్టువులమన్న సంగతి అప్పుడే తెలిసింది. వైద్యాలయం గోడల చుట్టూ ఫొటోల కోసం విలేఖరులు పొంచి ఉండేవారు. తరువాత కుటుంబం కొత్త పేర్లతో వేరే చోటికి వెళ్లిపోయింది. 2013లో ఆ నేలమాళిగను కాంక్రీటుతో నింపేశారు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, రివర్‌సైడ్ కౌంటీలోని పెరిస్ పట్టణంలో బయటపడిన, తల్లిదండ్రులే పిల్లలను బంధించిన టర్పిన్ కేసు ఈ మెట్టుకు మరింత బాధాకరమైన ఉదాహరణ. 2018 జనవరి 14న 17 ఏళ్ల అమ్మాయి కిటికీలోంచి దూకి, సర్వీసు లేని పాత ఫోనుతో అత్యవసర నంబరుకు కాల్ చేసింది. ఆమెతో కలిపి, రెండేళ్ల పాప నుంచి 29 ఏళ్ల యువతి వరకు పదముగ్గురు తోబుట్టువులు ఆ ఇంటి చెర నుంచి బయటపడ్డారు. ఆ ఇల్లే ప్రైవేటు బడిగా ప్రభుత్వ రికార్డుల్లో నమోదై ఉంది. తల్లిదండ్రులు 2019లో నేరం ఒప్పుకున్నారు, 25 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడింది. ఆ పిల్లల కోసం దేశమంతటి నుంచి విరాళాలు వచ్చాయి. అయినా కొందరిని అప్పగించిన పెంపుడు ఇంట్లో మళ్లీ హింస ఎదురైంది. విరాళాల సొమ్ము వారి చేతికి సక్రమంగా అందలేదు. కౌంటీ నియమించిన విచారణ 2022లో ఈ వైఫల్యాలను నమోదు చేసింది. విడుదల దృశ్యంతో ముగిసే నాటకం చూసిన తరువాత ఈ పేరా ఒకసారి చదివితే, ఆ ముగింపు ఎంత తొందరపాటుదో తెలుస్తుంది.

నాటకం నిడివిలో కనీసం నాలుగోవంతు విడుదల తరువాతి జీవితానికి ఇచ్చిందంటే దానిని నేను తప్పక గౌరవిస్తాను.

ఎనిమిదో మెట్టు: ఎవరి అనుమతితో, ఎవరి మాటతో తీశారో తెలుసుకోండి

జిప్సీ రోజ్ తన పేరును, తన కథను అనుమతి లేకుండా సిరీస్‌లో వాడుకున్నారని అభ్యంతరం చెప్పింది. తన తల్లి డీ డీ హత్య కేసులో శిక్ష పడి అప్పటికి జిప్సీ రోజ్ జైలులో ఉంది. 2023 డిసెంబరు 28న పెరోల్‌పై విడుదలైన తరువాత, 2024 జనవరిలో లైఫ్‌టైమ్‌లోనే ఆమె స్వయంగా మాట్లాడిన డాక్యుమెంటరీ వచ్చింది. నాటకం, స్వంత మాట రెండూ ఉన్నప్పుడు రెండూ చూడాలి. నాటకం ముందు చూసినవారు, ఆమె మాటను ఒక నటి ముఖం లేకుండా వినే ప్రయత్నం చేయాలి. అది తేలిక కాదు.

బాధితులు మౌనాన్ని ఎంచుకున్న చోట మాత్రం ఆ మౌనమే వారి మాట. ఆమ్‌స్టెటెన్ తల్లి బహిరంగంగా మాట్లాడలేదు, కొత్త పేరుతో బతుకుతున్నది. పాత పేరును ప్రపంచ పత్రికలన్నీ ముద్రించాయి కాబట్టి రాస్తే తప్పేమిటని అనిపించవచ్చు. మన దేశంలో లైంగిక నేర బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా దానిని నిషేధిస్తుంది. పరాయి దేశపు బాధితురాలికి ఆ చట్టం వర్తించకపోవచ్చు, కానీ దాని వెనుక ఉన్న గౌరవాన్ని ఆమెకు నిరాకరించడానికి నాకు కారణం కనిపించలేదు. నాటకం చూసిన ఉత్సాహంలో "ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారు" అని వెతకవద్దని, ఫొటోలు పంచుకోవద్దని కోరుతున్నాను. ఈ మెట్టులో ప్రేక్షకుడు చేయవలసింది ఇదొక్కటే, ఇది చేయకపోవడం అనే పని.

తొమ్మిదో మెట్టు: ఇంట్లో కలిసి చూడటం, ఆ తరువాత

ఇవి పెద్దల కోసం తీసినవి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో చూడవలసి వస్తే పెద్దలు ముందుగా ఒకసారి చూడాలి, మధ్యలో ఆపడానికి సిద్ధంగా ఉండాలి, రాత్రి పడుకోబోయే ముందు పెట్టకూడదు. చూస్తున్నవారిలో ఎవరైనా ఉన్నట్టుండి మౌనంగా లేచి వెళ్లిపోతే, "ఏమైంది" అని అందరి ముందూ అడగకండి. తరువాత విడిగా, పనిలో పనిగా పలకరించండి. గృహహింస అనుభవించినవారికి తాళం చప్పుడు ఒక్కటే చాలు.

నాటకం చూసిన తరువాత మీ పక్కింట్లోనో, బంధువుల ఇంట్లోనో నెలల తరబడి కనిపించని మనిషి గుర్తుకు వస్తే, ఆ ఆలోచనను టీవీ ప్రభావమని కొట్టిపారేయకండి. మతిస్థిమితం లేదని గదిలో ఉంచిన కోడలు, చదువు మాన్పించి బయటికి రానివ్వని అమ్మాయి, ఆస్తి సంతకం కోసం తాళం వేసిన ముసలి తండ్రి, వీరందరూ చట్టం దృష్టిలో అక్రమ నిర్బంధంలో ఉన్నవారే. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ ఇంటివారికి మినహాయింపు ఇవ్వలేదు; నిర్బంధం పది రోజులు లేదా అంతకు మించి సాగితే అయిదేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. అలా బంధించినవారిని వెతికి తీసుకురమ్మని ఆదేశించే అధికారం నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది.

స్వయంగా తలుపు తట్టి నిలదీయకండి. దానివల్ల లోపలి మనిషిని వేరే చోటికి మార్చే ప్రమాదం ఉంది. తక్షణ ప్రమాదమైతే 112, స్త్రీల విషయంలో 181, పిల్లల విషయంలో 1098 నంబరుకు ఫోన్ చేయండి. మీ పేరు గోప్యంగా ఉంచమని అడగవచ్చు. ఫోన్ చేసేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుంటే మాట తడబడదు: ఇంటి చిరునామా, ఆ మనిషిని చివరిసారి చూసినది ఎప్పుడు, ఎక్కడున్నారని అడిగితే ఇంటివారు చెప్పిన జవాబు ఏమిటి, ఆ జవాబు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెప్పారా. ఆమ్‌స్టెటెన్ ఆసుపత్రిలో ఒక వైద్యుడు, తాత తెచ్చిచ్చిన ఉత్తరంతో సరిపెట్టుకోకుండా "తల్లి కావాలి, ఉత్తరం కాదు" అన్న పట్టుదలతో ఉండటం వల్లనే 24 ఏళ్ల తలుపు తెరుచుకున్నది. కాబట్టి ఫోన్ ఎత్తినవారికి కూడా అదే చెప్పండి: ఇంటివారి మాట విని వెళ్లిపోవద్దు, ఆ మనిషిని విడిగా, ఎవరూ పక్కన లేకుండా, కళ్లతో చూసి మాట్లాడి రండి అని అడగండి.